రంగులేస్తే వేశారు, లెక్క చెప్పండి

నెబ్యులా ఫోటో ఏదైనా నలుగురున్న చోట చూపించి చూడండి. మొదటి నిమిషం అందరూ "అబ్బ!" అంటారు. రెండో నిమిషంలో ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుని, "అవన్నీ దొంగ రంగులండీ, ఫోటోషాప్‌లో కొడతారు. అక్కడ నిజంగా అలా ఏమీ ఉండదు" అని తీర్పు చెప్పేస్తాడు. ఈయన మా టీమ్‌లోనే ఉన్నాడు. మీ ఆఫీసులో కూడా ఏదో ఒక క్యూబికిల్లో ఉండే ఉంటాడు. 2022 జూలైలో జేమ్స్ వెబ్ టెలిస్కోపు మొదటి ఫోటోలు వచ్చినప్పుడు వాట్సాప్ గ్రూపుల్లో ఈయన చేసిన హడావుడి అంతా ఇంతా కాదు.

ఇక రెండో పార్టీ. వీళ్ళు ఫోటోలు తీసేవాళ్ళు. టెలిస్కోపు, ట్రాకింగ్ మౌంటు, కూలింగ్ ఉన్న కెమెరా, ఫిల్టర్లు అన్నీ కలిపి కారు డౌన్‌పేమెంటంత ఖర్చు పెట్టినవాళ్ళు. "ఈ బంగారు రంగు ఎలా వచ్చింది బాబూ?" అని అడిగితే "ఇది ఆర్ట్ బ్రో. నా డేటా, నా ఇష్టం" అంటారు.

నా గోల ఈ ఇద్దరి మీదా. మొదటాయనకి రంగు అంటే ఏంటో తెలీదు. రెండో వాళ్ళకి తెలుసు, కానీ చెప్పరు. నేననేది ఇంతే: రంగు మార్చడంలో అబద్ధమేమీ లేదు. ఎలా మార్చారో దాచడం, లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం అబద్ధం. కాస్త ఓపిక చేసుకుంటే ఎందుకో చెప్తాను.

ముందు "దొంగ రంగుల" పెద్దమనిషి సంగతి

ఆయన జేబులో ఉన్న ఫోన్‌తోనే మొదలుపెడదాం. కెమెరా సెన్సరుకి రంగులు తెలీవు. ఎంత వెలుతురు పడింది అన్నది మాత్రమే తెలుసు. అందుకని ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు ఫిల్టరు అతికిస్తారు. ప్రతి నాలుగు పిక్సెళ్ళలో రెండింటికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం. అంటే ఏ పిక్సెల్ అయినా మూడు రంగుల్లో ఒక్కదాన్నే కొలుస్తుంది. మిగతా రెండూ పక్కింటి పిక్సెళ్ళని చూసి ఊహించినవే. ఆయన పెళ్ళి ఆల్బమ్ డిజిటల్ కెమెరాతో తీసిందైతే అందులో మూడింట రెండొంతుల రంగు సమాచారం అంచనాయే అన్నమాట :) ఆ పైన వైట్ బ్యాలెన్సు, నాయిస్ తగ్గించడం, మొహం తెల్లగా చెయ్యడం వగైరా. దాన్ని మాత్రం ఎవరూ దొంగ ఫోటో అనరు.

"సరే, కానీ కంటికి కనిపించే రంగు ఒకటి ఉంటుంది కదా?" అంటారు. ఉంటుంది. ఒరాయన్ నెబ్యులాని ఒక మాదిరి టెలిస్కోపులో కళ్ళతో చూడండి. చాలామందికి బూడిదరంగు పొగలా కనిపిస్తుంది, కొందరికి దాంట్లో లేత ఆకుపచ్చ ఛాయ. ఎందుకంటే అంత మసక వెలుతురులో మన కంట్లో రంగులు చూసే కణాలు సరిగ్గా పనిచెయ్యవు. కంటికి కనిపించిందే సత్యమైతే విశ్వం మొత్తం బూడిదరంగు అని ఒప్పుకోవాలి. కన్ను కూడా ఒక కెమెరానే. తక్కువ వెలుతురులో అంత గొప్ప కెమెరా కాదు.

ఇంకో మాట. వాతావరణ శాఖ రాడార్ బొమ్మలో కుండపోత వాన పడుతున్న చోట ఎర్రగా చూపిస్తారు. "వాన ఎర్రగా ఎక్కడుంటుందండీ, ఇది దొంగ వాన" అని ఎవరైనా అన్నారా? ఆ ఎరుపుకి అర్థం పక్కనున్న స్కేలు చెప్తుంది. ఈ స్కేలు సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికే వస్తాం.

గుంటూరు పాఠం

నారోబ్యాండ్ అంటే ఏంటో చెప్పడానికి మనకి గుంటూరు కంటే మంచి ఉదాహరణ అక్కర్లేదు.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ గుంటూరు వచ్చాడు. హీలియం కథలో గుంటూరు పేరు మనం గర్వంగా చెప్పుకునేది ఈ గ్రహణం వల్లే. కానీ నాకు అంతకంటే ముచ్చటేసేది మర్నాడు జరిగింది. గ్రహణం రోజున సూర్యుడి అంచున ఎగసే మంటల వెలుగుని ఆయన స్పెక్ట్రోస్కోపులో చూస్తే, ఇంద్రధనుస్సులా పరుచుకోకుండా కొన్ని గీతలుగా కనిపించింది. ఆ గీతలు ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే, "వీటిని గ్రహణం లేకపోయినా చూడొచ్చే!" అనిపించింది. ఆగస్టు 19న మామూలు పట్టపగటి సూర్యుడి అంచుకి స్పెక్ట్రోస్కోపు గురిపెట్టి నిజంగానే చూశాడు.

కిటుకు ఏంటంటే, సూర్యుడి చుట్టూ ఆకాశంలో ఉన్న మిరుమిట్లు అన్ని రంగుల్లోనూ పరుచుకుని ఉంటాయి. మంటల వెలుగు మాత్రం రెండు మూడు గీతల్లో పోగుపడి ఉంటుంది. మిగతా రంగులన్నీ పక్కకి తోసేసి ఆ గీత దగ్గర మాత్రమే చూస్తే, మిరుమిట్లు పలచబడిపోతాయి, మంట మిగులుతుంది.

ఇవాళ కూకట్‌పల్లిలో అపార్టుమెంటు టెర్రస్ మీద కూర్చుని నెబ్యులాని పట్టేవాడు చేసేది కూడా అచ్చంగా ఇదే. కంటికి కనిపించే వెలుగు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల దాకా ఉంటుంది. ఊరి లైట్ల వెలుతురు ఇందులో చాలా మేరకి పరుచుకుని ఉంటుంది. నెబ్యులాలో మండే హైడ్రోజన్ వెలుగు మాత్రం 656.3 నానోమీటర్ల దగ్గర ఒక్క గీత. దీన్ని హెచ్-ఆల్ఫా అంటారు. కేవలం 3 నానోమీటర్ల వెడల్పున్న ఫిల్టరు పెడితే, ఊరి వెలుతురు సమానంగా పరుచుకుందనుకుంటే, అందులో నూటికి ఒక వంతే లోపలికొస్తుంది. నెబ్యులా గీత మాత్రం దాదాపు మొత్తం వస్తుంది. సిటీలో ఉంటూ ఆకాశాన్ని వదులుకోనక్కర్లేదు అని చెప్పే ఫిల్టరు ఇది. దీన్ని దొంగతనం అనేవాడు జాన్సెన్‌ని కూడా దొంగ అనాలి.

హబుల్ వాళ్ళు ఏం చేశారు?

1995 ఏప్రిల్ 1న హబుల్ టెలిస్కోపు ఈగల్ నెబ్యులాని, అంటే ఎమ్ 16ని, ఫోటో తీసింది. "పిల్లర్స్ ఆఫ్ క్రియేషన్" పేరుతో మీరందరూ ఎక్కడో ఒకచోట వాల్‌పేపరుగా పెట్టుకున్న బొమ్మ అదే. జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ అనే ఇద్దరు ఖగోళశాస్త్రజ్ఞుల పని. మూడు ఫిల్టర్లు వాడారు. సల్ఫర్ గీత ఎస్-టూ, సుమారు 672 నానోమీటర్లు. హైడ్రోజన్ గీత హెచ్-ఆల్ఫా, 656. ఆక్సిజన్ గీత ఓ-త్రీ, 501. సల్ఫర్‌కి ఎరుపు, హైడ్రోజన్‌కి ఆకుపచ్చ, ఆక్సిజన్‌కి నీలం ఇచ్చారు.

ఇక్కడ రెండు విషయాలు చూడండి. ఒకటి, వరస తప్పలేదు. అన్నిటికంటే పొడుగు తరంగం ఎరుపుకి, అన్నిటికంటే పొట్టిది నీలానికి. రెండు, సల్ఫర్ గీతా హైడ్రోజన్ గీతా రెండూ కంటికి ఒకేలాంటి ముదురు ఎరుపు. ఉన్నదున్నట్టు చూపిస్తే రెండూ కలిసిపోయి ఏది ఏదో తెలీకుండా పోతుంది. వాటిని విడగొట్టి చూపించడానికే ఈ ఏర్పాటు. ఇక్కడ "అసలు రంగు" ఉంచేస్తే పోయేది సమాచారం.

ఆ విడగొట్టడం ఎందుకంత ముఖ్యం? హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్ ఊడగొట్టడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. సల్ఫర్‌కి మొదటిది ఊడటానికి 10.4 చాలు. ఆక్సిజన్‌కి రెండో ఎలక్ట్రాన్ కూడా ఊడాలంటే 35 పైనే కావాలి. కాబట్టి మామూలుగా ఓ-త్రీ ఎక్కువున్న చోట దగ్గర్లో బాగా వేడి నక్షత్రం ఉన్నట్టు. ఎస్-టూ ఎక్కువున్న చోట ఆ నక్షత్రాల తాకిడి నీరసించిపోయిన అంచులు ఉన్నట్టు. ఆ బొమ్మలో నీలం నుంచి ఎరుపుకి వెళ్తుంటే మీరు అల్ట్రావయొలెట్ మంట దగ్గర్నుంచి దూరంగా నడుస్తున్నారన్నమాట. అదొక మ్యాపు.

అన్నిటికీ మించి, వాళ్ళు లెక్క చెప్పారు. ఏ ఫిల్టరుకి ఏ రంగో చెప్పారు. ముడి డేటా ఆర్కైవులో పెట్టారు. ఇవాళ మీరైనా నేనైనా ఆ ఫైళ్ళు దించుకుని, మన ఇష్టమొచ్చిన రంగులు వేసుకుని, వాళ్ళ బొమ్మతో పోల్చి చూసుకోవచ్చు. సోర్సు కోడు ఇచ్చేసినవాణ్ణి పట్టుకుని మోసం అంటే ఎలా?

మరి అబద్ధం ఎక్కడ మొదలవుతుంది?

ఇప్పుడు మన సోదరుల దగ్గరికొద్దాం. వాళ్ళు అందరికంటే ఎక్కువగా చేసే మూడు పనులు చెప్తాను.

1. లేని ఛానెల్‌ని పుట్టించడం. చాలామంది దగ్గర ఉండేది కలర్ కెమెరా, దాని ముందు రెండు గీతలు మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టరు. హెచ్-ఆల్ఫా వచ్చి ఎరుపు పిక్సెళ్ళలో పడుతుంది, ఓ-త్రీ వచ్చి ఆకుపచ్చ, నీలం పిక్సెళ్ళలో పడుతుంది. చాలా మంచి పద్ధతి. తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం. కానీ ఇందులో సల్ఫర్ లేదు. ఆ రెండింటినీ ఏదో ఫార్ములాలో కలిపి మూడోదాన్ని తయారుచేసి, మూడూ కలిపి కింద "హబుల్ పాలెట్" అని రాస్తారు. ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం మ్యాథ్స్ గుర్తు చేసుకోండి. రెండు కాలమ్స్‌ని ఎంత కలిపి కలియతిప్పినా మ్యాట్రిక్స్ ర్యాంకు మూడు అవ్వదు. మీరు కొలిచింది రెండే. మూడో రంగు చూసి "ఇక్కడ సల్ఫర్ ఉంది కాబోలు" అనుకునే అమాయకుడికి మీరేం జవాబు చెప్తారు? "రెండు గీతల డేటా, మూడు రంగుల్లో చూపించాను" అని రాస్తే సొమ్మేం పోయింది?

2. ఆకుపచ్చని చంపడం. చాలా నెబ్యులాల్లో హెచ్-ఆల్ఫాదే పైచెయ్యి. కాబట్టి మూడు ఛానెళ్ళనీ ఉన్నవున్నట్టు కలిపితే బొమ్మంతా పచ్చగా వస్తుంది. అది ఎవరికీ నచ్చదు. అందుకని బలహీనంగా ఉన్న సల్ఫర్నీ ఆక్సిజన్నీ హైడ్రోజన్ స్థాయికి సాగదీస్తారు. ఆపైన ఆకుపచ్చ నాయిస్ తీసే టూల్‌ని దాని మీద నడుపుతారు. మామూలు కలర్ ఫోటోలో ఆకుపచ్చ చాలావరకు నాయిసే, అక్కడ ఆ టూల్ సబబు. ఇక్కడ మాత్రం ఆకుపచ్చ అంటే మీ అసలు డేటా! రాత్రంతా మేలుకుని పట్టుకున్న హైడ్రోజన్‌ని పొద్దున్నే ఒక్క క్లిక్కుతో కత్తిరించారు.

అందంగా వస్తుంది, ఒప్పుకుంటాను. బంగారం, నీలం పక్కపక్కన పడితే ఎవరికి నచ్చదు? కానీ సాగదీశాక ఆ మూడింటి నిష్పత్తి పోయింది. అదేమంత చిన్న విషయం కాదు. ఎస్-టూ బలం హెచ్-ఆల్ఫా బలంలో 0.4 వంతు దాటితే అది పేలిపోయిన నక్షత్రపు శిథిలం అయ్యుండొచ్చని ఖగోళశాస్త్రజ్ఞులకి ఒక పాత కొండగుర్తు ఉంది. ఆ నిష్పత్తి మీ ముడి ఫైల్లో ఉంది, మీ జేపెగ్‌లో లేదు. "ఛానెళ్ళని విడివిడిగా సాగదీశాను, రంగుల్ని బట్టి బలాలు పోల్చొద్దు" అని ఒక్క వాక్యం రాయడానికి ఏం అడ్డం?

3. ఊహించి గీసే టూల్స్. ఇది అన్నిటికంటే ప్రమాదకరం. 2023 మార్చిలో శాంసంగ్ ఫోన్ల చంద్రుడి గొడవ గుర్తుందా? ఒకాయన చంద్రుడి ఫోటోని బాగా మసకబార్చి, మానిటర్ మీద పెట్టి, చీకట్లో దూరం నుంచి ఫోన్‌తో తీశాడు. మసక బొమ్మలో లేని గుంటలు, మరకలు ఫోన్ ఫోటోలో ప్రత్యక్షం. చంద్రుడంటే ఎలా ఉంటుందో దానికి ముందే తెలుసు కాబట్టి గీసిపెట్టింది.

మసకని తగ్గించడానికి పాత పద్ధతి ఒకటుంది. చుక్కలా ఉండాల్సిన నక్షత్రం మీ ఫోటోలో ఎంత పరుచుకుందో కొలిచి, దాన్ని బట్టి బొమ్మ మొత్తాన్నీ వెనక్కి లెక్కగట్టడం. దాని తప్పులు కూడా లెక్కకి అందుతాయి. ఇప్పుడొచ్చిన న్యూరల్ నెట్‌వర్కు టూల్స్‌లో ఖగోళానికే ప్రత్యేకంగా తయారుచేసినవి ఉన్నాయి, జాగ్రత్తగా వాడితే బానే పనిచేస్తున్నాయి. కానీ మనుషుల మొహాలూ చెట్ల ఆకులూ చూసి నేర్చుకున్న మామూలు ఫోటో టూల్‌ని నెబ్యులా మీద తోలితే, నాయిస్‌లోంచి నూలుపోగుల్లాంటి తీగలు పుట్టుకొస్తాయి. అవి అక్కడ లేవు. ఎప్పుడూ లేవు.

"నా టూల్ అలా చెయ్యదు" అంటారా? టెస్టు చెయ్యండి మరి. మనం టెస్టింగ్ తెలిసినవాళ్ళమే కదా. మీ ఫ్రేములన్నిటినీ సరిసంఖ్యవి ఒక గుట్ట, బేసిసంఖ్యవి ఒక గుట్ట చెయ్యండి. రెండింటినీ విడివిడిగా స్టాక్ చేసి, విడివిడిగా ఆ టూల్‌లో వెయ్యండి. ఒక దాంట్లో కనిపించిన తీగ రెండోదాంట్లో లేకపోతే అది ఆకాశం నుంచి రాలేదు. రెండింట్లోనూ ఉంటే మొదటి గండం గట్టెక్కినట్టు. టూల్ రెండు చోట్లా ఒకే తప్పు చేసే అవకాశం ఇంకా ఉంది, కాబట్టి టూల్ తాకని స్టాక్‌లో కూడా దాని జాడ చూసుకోండి. అరగంట పని.

"ఎవడు చదువుతాడండీ ఇవన్నీ?"

ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇదే. ఇన్‌స్టాగ్రామ్‌లో లైకు కొట్టేవాడికి ఫిల్టర్ల గొడవెందుకు అని. దీనికి జవాబు ఆండ్రోమెడా పక్కన ఉంది.

ఆండ్రోమెడా గెలాక్సీ, ఎమ్ 31, ఆకాశంలో అందరికంటే ఎక్కువ ఫోటోలు దిగిన హీరోయిన్లలో ఒకటి. వందేళ్ళకి పైగా ప్రపంచంలో ఉన్న ప్రతి పెద్ద టెలిస్కోపూ దాన్ని తీసింది. 2022లో ఫ్రాన్సులో యాన్ సెంటీ అనే ఔత్సాహికుడు 106 మిల్లీమీటర్ల చిన్న టెలిస్కోపుతో, ఓ-త్రీ ఫిల్టరు కూడా పెట్టి, ఎన్నో రాత్రులు, వంద గంటలకి పైగా ఎక్స్‌పోజర్ పోగేశాడు. మార్సెల్ డ్రెక్స్‌లర్, గ్జేవియర్ స్ట్రాట్నర్ అనే మరో ఇద్దరు ఔత్సాహికులతో కలిసి దాన్ని ప్రాసెస్ చేస్తే, గెలాక్సీ పక్కన పెద్ద నీలి విల్లులాంటిది బయటపడింది. పొడవు ఒకటిన్నర డిగ్రీలు, అంటే పక్కపక్కన పెట్టిన మూడు పున్నమి చంద్రుళ్ళంత! అన్నాళ్ళూ ఎవరికీ కనపడలేదు. ఎందుకంటే గెలాక్సీని ఓ-త్రీలో అంతసేపు తీయాలని ఎవరికీ తోచలేదు.

ఇక్కడ ఆలోచించండి. ఆ విల్లు చాలా చాలా మసక. చూడగానే ఎవరికైనా వచ్చే అనుమానం "ఇది ప్రాసెసింగ్‌లో పుట్టిన చెత్తేమో" అని. వాళ్ళకీ వచ్చింది. అందుకే వేరే చోట్ల, వేరే పరికరాలతో తీయించి, అక్కడా కనిపించాకే వృత్తి శాస్త్రజ్ఞులతో కలిసి 2023 జనవరిలో ప్రచురించారు. ఆ ఫోటోకే 2023లో గ్రీనిచ్ రాయల్ అబ్జర్వేటరీ వాళ్ళ ఆస్ట్రానమీ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ద ఇయర్ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. మళ్ళీ తీసి చూడగలిగారంటే కారణం ఒక్కటే: ఏ ఫిల్టరు, ఎన్ని గంటలు, ఏ రంగు అన్నది లెక్క ఉంది.

ఇదే విల్లు మన "నా డేటా నా ఇష్టం" బ్రో చేతిలో పడితే ఏమయ్యేది? రెండే దారులు. బ్యాక్‌గ్రౌండు వెలుతురు తీసేసే టూల్, దాన్ని ఊరి లైట్లనుకుని తుడిచేసి ఉండేది. లేదా కనిపించినా, నిన్నటిదాకా లేని తీగలు గీసి చూపించినవాడి మాట ఎవరూ నమ్మి ఉండేవారు కాదు. పెద్ద అబ్జర్వేటరీల్లో ఒక్కో గంటకి పోటీ. ఒకే చోటకి వంద గంటలు గురిపెట్టే తీరిక టెర్రస్ మీద కూర్చున్న మనకే ఉంది. ఈ రంగంలో ఔత్సాహికుడి ఆస్తి ఆ తీరిక, దాని మీద పదిమందికీ ఉన్న నమ్మకం. రెండోది పోతే మొదటిది ఎందుకూ కొరగాదు.

ఇంతకీ నేనడిగేది

ఫోటో కింద నాలుగు లైన్లు. అంతే.

ఒకటి: ఏ వస్తువు, ఏ ఫిల్టర్లు, ఎన్ని నానోమీటర్ల వెడల్పు, ఒక్కోదానికి ఎన్ని గంటలు.
రెండు: ఏ గీతకి ఏ రంగు. కొలవని ఛానెల్ ఏదైనా తయారుచేస్తే, ఏ ఫార్ములాతో.
మూడు: నక్షత్రాలు ఎక్కడివి. నారోబ్యాండ్‌లో నక్షత్రాలు వంకాయ రంగులోకి తిరుగుతాయి కాబట్టి మామూలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లతో విడిగా తీసి అతికిస్తారు. తప్పేం లేదు, చెప్పండి.
నాలుగు: పిక్సెళ్ళని ఊహించే టూల్ ఏదైనా వాడారా, వాడితే ఎక్కడ.

ఇవన్నీ ఎక్కడినుంచో తవ్వి తీయనక్కర్లేదు. 1981 నుంచి ఖగోళశాస్త్రం వాడుతున్న ఫిట్స్ ఫైలు ఫార్మాటు హెడర్లో ఫిల్టరు, ఎక్స్‌పోజర్ రాసుకునే చోటుంది, మీ కెమెరా సాఫ్ట్‌వేర్ చాలావరకు రాస్తూనే ఉంది. జేపెగ్ చేసేటప్పుడు మీరు వాటిని పారేస్తున్నారు. కామెంట్లు లేని కోడు చెక్-ఇన్ చేసిన జూనియర్ని కోడ్ రివ్యూలో ఉతికి ఆరేసే మనం, రాత్రుళ్ళు మాత్రం "అదంతా ఎవడు రాస్తాడు బ్రో" అంటున్నాం.

"కళ" అన్నవాళ్ళకి కూడా ఒక మాట. కళే అనుకుందాం. అప్పుడు కింద "ఇది నా ఊహాచిత్రం" అని రాసుకోండి, చప్పట్లు కొట్టేవాళ్ళలో నేనే ముందుంటాను. ఫోటో అన్న పేరుకున్న పరపతీ కావాలి, ఊహకున్న స్వేచ్ఛా కావాలి అంటే కుదరదు.

ఇక మా టీమ్ పెద్దమనిషికి: సార్, ఈసారి "దొంగ రంగులు" అనేముందు కింద ఆ నాలుగు లైన్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే చదివి, అర్థం కాకపోతే అడగండి. లేకపోతే మాత్రం నిలదీయండి. అప్పుడు మీ వెనకాల నేనూ ఉంటాను.